ఐదేళ్ళ ఇంటిగ్రేటెడ్ కోర్సు: సీటు తీసుకునే ముందు చూసుకోవాల్సినవి

ఇంటర్ కాగానే ఐదేళ్ళ ఇంటిగ్రేటెడ్ మాస్టర్స్‌లో చేరాలా వద్దా అన్నది కాలేజీ పేరును బట్టి తేల్చుకునే విషయం కాదు. రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే సగం పని అయినట్టే. ఐదో ఏడు మీతో ఏం చేయిస్తారు? మూడో ఏటో నాలుగో ఏటో బయటికి రావాల్సి వస్తే చేతికి ఏ పట్టా వస్తుంది? ఈ రెండూ అడక్కుండా, "పెద్ద కాలేజీల సీటొచ్చింది గదా, చేరిపో బిడ్డా" అన్న మాట మీద చేరినవాళ్ళే తర్వాత ఎక్కువ ఇబ్బంది పడేది.

ముందు ఒక లెక్క. డిగ్రీ 3 ఏళ్ళు, పీజీ 2 ఏళ్ళు కలిపితే 5. ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ కూడా 5. అంటే సైన్సులో ఈ కోర్సు మీకు ఒక్క రోజు కూడా మిగల్చదు. ఇంజనీరింగ్‌లో మాత్రం బీటెక్ 4, ఎంటెక్ 2 కలిపి 6 అయ్యేది 5లో అయిపోతుంది. అక్కడ ఒక ఏడాది నిజంగానే మిగులుతుంది, కానీ దానికీ ఒక ఖరీదుంది. ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్ రాసి చేరితే నెలకు 12,400 రూపాయల చొప్పున 24 నెలలు స్టైపెండ్ వస్తుంది, మొత్తం 2,97,600. ప్రైవేటు యూనివర్సిటీలో ఇంటిగ్రేటెడ్ ఎంటెక్ అయితే ఆ ఐదో ఏడు మీరే ఎదురు ఫీజు కట్టాలి. ఏడాది ముందు ఉద్యోగంలో చేరడం ఎక్కువా, ఆ డబ్బు ఎక్కువా అన్నది ఇంట్లో కూర్చుని కాగితం మీద వేసుకోండి.

సైన్సులో కాలం కలిసి రానప్పుడు ఇంటిగ్రేటెడ్ ఎందుకు అంటే, మంచి చోట ఐదో ఏడంతా ఒకే ల్యాబులో, ఒకే సమస్య మీద, ఒక గైడు కింద పరిశోధన చేస్తారు. ఆ థీసిస్, గైడు రాసిచ్చే సిఫారసు ఉత్తరం, ఈ రెండే పీహెచ్‌డీకి మిమ్మల్ని ఇక్కడైనా విదేశాల్లోనైనా నిలబెడతాయి. మామూలు ఎమ్మెస్సీలో చివరి సెమిస్టర్లో మూడు నాలుగు నెలల ప్రాజెక్టు ఉంటుంది, చాలాచోట్ల అది ఫైలు కట్టడంతో సరిపోతుంది. అందుకే సిలబస్ పీడీఎఫ్ తెరవగానే చివరి రెండు సెమిస్టర్ల పట్టికకు వెళ్ళండి. థీసిస్‌కు ఎన్ని క్రెడిట్లు ఇచ్చారు? రెండు సెమిస్టర్లూ దానికేనా, లేక నాలుగు థియరీ పేపర్ల పక్కన ప్రాజెక్టు అని ఒక వరుస ఉందా? ఐదో ఏడు కూడా థియరీతో నిండి ఉంటే అది డిగ్రీ, పీజీ రెండింటినీ ఒక దారంతో కుట్టిన కోర్సు మాత్రమే.

ఏయే రకాలున్నాయి

ఐసర్లు (సైన్సు బోధనకు, పరిశోధనకు కేంద్రం పెట్టిన సంస్థలు) ఏడు: పుణె, కోల్‌కతా, మొహాలీ, భోపాల్, తిరువనంతపురం, తిరుపతి, బరంపురం. ఇచ్చేది బీఎస్-ఎంఎస్. మొదటి రెండేళ్ళు ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ పునాదులు, తర్వాత మేజర్ (ఎంచుకున్న ప్రధాన సబ్జెక్టు), చివరి ఏడు థీసిస్. ప్రవేశానికి వాళ్ళ సొంత పరీక్ష ఐఏటీ ఒక్కటే దారి. పేపర్లో నాలుగు సబ్జెక్టులకు 15 చొప్పున 60 ప్రశ్నలు, 3 గంటలు, సరైన దానికి 4, తప్పుకు మైనస్ 1, మొత్తం 240 మార్కులు. ఇంటర్లో 60 శాతం కావాలి, ఎస్సీ, ఎస్టీలకు 55. జేఈఈకి చదివిన ఎంపీసీ పిల్లలకు బయాలజీ రాదు, నీట్‌కు చదివిన బైపీసీ పిల్లలకు మ్యాథ్స్ రాదు. ఇద్దరికీ ఒక సబ్జెక్టు కొరతే కాబట్టి భయపడనక్కర్లేదు. రాని సబ్జెక్టులో 15లో నాలుగైదు తేలిక ప్రశ్నలు పట్టుకుని మిగతావి వదిలేసినవాళ్ళు లాభపడతారు. అన్నీ గుడ్డిగా దిద్దితే మైనస్ మార్కులు వచ్చినదాన్ని కూడా తినేయొచ్చు.

బైపీసీ వాళ్ళకు అసలు దెబ్బ పరీక్షలో కాదు, చేరాక తగులుతుంది. బయాలజీ చేయాలని వచ్చినా మొదటి సెమిస్టర్ నుంచే కాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా తప్పవు. ఇంటర్ మ్యాథ్స్ ముఖమే చూడనివాళ్ళు అక్కడ బ్యాక్‌లాగ్ పెట్టుకుని రెండో ఏడంతా దాన్ని మోస్తారు. సీటు ఖాయమైన రోజు నుంచి క్లాసులు మొదలయ్యేదాకా దొరికే కొన్ని వారాల్లో ఇంటర్ రెండో ఏడాది 2బీ పుస్తకంలోని ఇంటిగ్రేషన్, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, మొదటి ఏడాది 1ఏలో మ్యాట్రిసెస్, 1బీలో లిమిట్స్, డెరివేటివ్స్ చేసుకోండి. తెలుగు అకాడమీ పుస్తకాలు చాలు, కోచింగ్ అక్కర్లేదు.

భువనేశ్వర్ దగ్గరి నైసర్, ముంబై యూనివర్సిటీ కలీనా ప్రాంగణంలోని సీఈబీఎస్ అనే సైన్సు సంస్థలు, ఈ రెండింటికీ నెస్ట్ పరీక్ష. రెండూ అణుశక్తి శాఖ అండ ఉన్నవి. నెస్ట్‌లో నాలుగు విభాగాలు రాయొచ్చు, మెరిట్‌కు బాగా వచ్చిన మూడే లెక్కలోకి తీసుకుంటారు. బైపీసీ, ఎంపీసీ పిల్లలిద్దరికీ ఇది ఐఏటీ కంటే అనుకూలం, అయినా మన జిల్లాల్లో దీని పేరు తెలిసినవాళ్ళు తక్కువ. ఐఏటీ, నెస్ట్ రెండూ తెలుగులో ఉండవు. తెలుగు మాధ్యమంలో చదివినవాళ్ళు కనీసం పాత పేపర్లు ఇంగ్లీషులో చదివి అలవాటు పడాలి. జేఈఈ మెయిన్, సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష సీయూఈటీ అయితే తెలుగులోనూ రాయొచ్చు.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీలకు సీయూఈటీ, కంప్యూటర్ సైన్సు ఇంటిగ్రేటెడ్ ఎంటెక్‌కు జేఈఈ మెయిన్ ర్యాంకు. సీయూఈటీలో జరిగే పొరపాటు ఎప్పుడూ ఒకటే. దరఖాస్తు నింపేటప్పుడు ఏ సబ్జెక్టులు ఎంచుకోవాలో ఇంటర్నెట్ సెంటర్ అన్నను అడిగి నింపేస్తారు. యూనివర్సిటీ ఆ కోర్సుకు అడిగిన పేపరు రాయకపోతే ఎన్ని మార్కులొచ్చినా కౌన్సెలింగులో మీ పేరు రాదు. ముందు యూనివర్సిటీ సైట్లో కోర్సుకు ఏ పేపర్లు కావాలో చూసి రాసుకుని, ఆ చీటీ పట్టుకుని సెంటర్‌కు వెళ్ళాలి.

గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో బీటెక్, ఎంఎస్ బై రీసెర్చ్ కలిసిన ఐదేళ్ళ డ్యూయల్ డిగ్రీలున్నాయి. యూజీఈఈ అనే సొంత పరీక్ష. అందులో సూపర్ (సబ్జెక్టు) భాగం ఒక గంట, రీప్ (పరిశోధన అభిరుచి) భాగం రెండు గంటలు, ఒక్కోటి 50 ప్రశ్నలు, తర్వాత ఇంటర్వ్యూ. సూపర్‌లో గట్టెక్కాలి, ఇంటర్వ్యూకు పిలిచేది రీప్ మార్కులతో. పేరులో రీసెర్చ్ అన్న మాట ఊరికే లేదు. థీసిస్ నడవకపోతే ఐదేళ్ళు దాటిపోతాయి. కోడింగ్ ఇష్టమే కానీ పరిశోధన మీద ఆసక్తి లేదు అనేవాళ్ళు అక్కడే జేఈఈ మెయిన్‌తో వచ్చే నాలుగేళ్ళ బీటెక్ చూసుకోవడం మేలు. "ఈ దారిలో పోటీ తక్కువ" అని వింటే నమ్మొద్దు.

శామీర్‌పేట దగ్గరి బిట్స్ హైదరాబాద్ పద్ధతి వేరు. వాళ్ళ సొంత పరీక్ష బిట్‌శాట్‌తో ఎమ్మెస్సీలో చేరితే మొదటి ఏడాది సీజీపీఏను (సగటు గ్రేడును) బట్టి రెండో డిగ్రీగా బీఈ బ్రాంచి ఇస్తారు. ఐదేళ్ళకు రెండు పట్టాలు. ఎమ్మెస్సీ బయాలజీలో చేరి కంప్యూటర్ సైన్సు తెచ్చుకుంటానని లెక్కవేసే ప్రతి ఒక్కరూ, పక్క సీటులో కూర్చున్నవాళ్ళూ అదే లెక్కతో వచ్చారని గుర్తుంచుకోవాలి. ఫీజు ఏడాదికి 5 లక్షలు దాటుతుంది, ఐదేళ్ళకు హాస్టలు, మెస్సు కలిపి చూసుకోండి.

ఐఐటీల్లో ఐదేళ్ళ బీటెక్-ఎంటెక్ డ్యూయల్ డిగ్రీలు జోసాలోనే (ఐఐటీ, నిట్ సీట్ల ఉమ్మడి కౌన్సెలింగులోనే) వస్తాయి. ఐఐటీ మద్రాసు లాంటి చోట మామూలు బీటెక్‌లో చేరి, తర్వాత సీజీపీఏ బాగుంటే డ్యూయల్ డిగ్రీకి మారే వీలుంది. ఇది అన్నింటికన్నా తెలివైన ఏర్పాటు. 17 ఏళ్ళ వయసులో తేల్చుకోవాల్సిన దాన్ని 20 ఏళ్ళకు, సబ్జెక్టు రుచి చూశాక తేల్చుకుంటారు.

మన దగ్గరి తెలంగాణ యూనివర్సిటీలకు సీపీగెట్ అనే ప్రవేశ పరీక్ష. అది పీజీ పరీక్ష అన్న పేరుతో ఇంటర్ పిల్లలు పట్టించుకోరు, కానీ అదే నోటిఫికేషన్‌లో ఇంటర్ అర్హతతో చేరే ఐదేళ్ళ కోర్సులూ ఉంటాయి. డిచ్‌పల్లిలోని తెలంగాణ యూనివర్సిటీలో ఫార్మాస్యూటికల్ కెమిస్ట్రీ అలాంటిదే. ఫీజు తక్కువ, ఇంటికి దగ్గర. ఒక్కటి గుర్తుంచుకోండి: అది కెమిస్ట్రీ ఎమ్మెస్సీ, ఫార్మసీ డిగ్రీ కాదు. దాంతో ఫార్మసిస్టుగా రిజిస్ట్రేషన్ రాదు, మెడికల్ షాపు లైసెన్సుకు పనికిరాదు. ఫార్మా కంపెనీల క్యూసీ (నాణ్యత పరీక్ష), ఆర్ అండ్ డీ ల్యాబుల్లో పనికొస్తుంది, వాళ్ళు అడిగేది ఆర్గానిక్, అనలిటికల్. మీ కోర్సులో హెచ్‌పీఎల్‌సీ, జీసీ లాంటి విశ్లేషణ యంత్రాల మీద పిల్లలే చేతులు పెట్టి నడిపిస్తారా, లేక అద్దంలోంచి చూపిస్తారా అన్నది సీనియర్లను అడగండి.

ఇక బాసర ఆర్‌జీయూకేటీ. పదో తరగతి తర్వాత ఆరేళ్ళ ఇంటిగ్రేటెడ్ అంటారు కాబట్టి చాలామంది తల్లిదండ్రులు పీజీ కూడా అయిపోతుందనుకుంటారు. కాదు. 2 ఏళ్ళు ఇంటర్‌కు బదులు, 4 ఏళ్ళు బీటెక్, చివర్న వచ్చేది బీటెక్ పట్టా.

పట్టా మీద ఏం రాస్తారు

ఇది చాలా కోర్సుల బ్రోచర్లలో కనిపించదు, ఆర్డినెన్స్ లేదా అకడమిక్ రెగ్యులేషన్స్ అనే పీడీఎఫ్‌లో ఉంటుంది. అందులో 'ఎగ్జిట్' అన్న మాట వెతకండి. మూడేళ్ళకు బీఎస్సీ ఇస్తారా, నాలుగేళ్ళకు బీఎస్ ఇస్తారా, అసలు మధ్యలో ఏమీ ఇవ్వరా? ఏమీ ఇవ్వని చోట నాలుగో ఏట ఇంట్లో ఇబ్బంది వచ్చి ఆగిపోతే, కాగితం ప్రకారం మీరు ఇంటర్ పాసే. గ్రూప్స్, సివిల్స్ రాయాలనుకునేవాళ్ళకు కూడా ఇది ముఖ్యం. వాటికి డిగ్రీ కావాలి. డిగ్రీలో చేరిన స్నేహితుడు మూడేళ్ళకే దరఖాస్తు పెట్టుకుంటుంటే మీరు ఐదో ఏటి దాకా ఆగాలి.

ఇంజనీరింగ్ వైపు ఇంకో చిక్కు. ఇంటిగ్రేటెడ్ ఎంటెక్ పేరుతో కొన్ని ప్రైవేటు యూనివర్సిటీలు ఐదేళ్ళకు ఒక్క ఎంటెక్ పట్టా మాత్రమే ఇస్తాయి, విడిగా బీటెక్ ఉండదు. సాఫ్ట్‌వేర్ కంపెనీలు దీన్ని పట్టించుకోవు. కానీ ఎన్టీపీసీ లాంటి ప్రభుత్వ సంస్థల నోటిఫికేషన్లు ఇంజనీరింగ్‌లో బ్యాచిలర్ డిగ్రీ అని అడుగుతాయి. రామగుండంలోనో సింగరేణిలోనో ఉద్యోగం కావాలన్నది ఇంటి కోరిక అయితే, పాత నోటిఫికేషన్ ఒకటి డౌన్‌లోడ్ చేసి అర్హత పేరాను, మీ కోర్సు పట్టా పేరును పక్కపక్కన పెట్టి చదవండి. బీటెక్, ఎంటెక్ రెండూ విడివిడిగా ఇచ్చే డ్యూయల్ డిగ్రీకి ఈ బాధ లేదు. జూనియర్ లెక్చరర్ కావాలనుకునేవాళ్ళు పట్టా మీద సబ్జెక్టు పేరు చూసుకోవాలి. నోటిఫికేషన్ కెమిస్ట్రీ అంటే, మీ పట్టా మీద దాని చుట్టుపక్కల పేరేదో ఉంటే, తత్సమానమని నిరూపించే భారం మీదే.

జోసాలో ఒక వరుసను ఎలా చదవాలి

వరంగల్ నిట్ మీద ఆశతో జరిగే తప్పు ఇక్కడే ఎక్కువ. నిట్‌లో బీటెక్‌తో పాటు ఐదేళ్ళ ఎమ్మెస్సీ సీట్లూ అదే జోసా జాబితాలో కలిసి ఉంటాయి. కోర్సు పేరు చివర బ్రాకెట్లో అసలు సంగతి రాసి ఉంటుంది: ఒకచోట 4 ఇయర్స్, బ్యాచిలర్ ఆఫ్ టెక్నాలజీ అని, ఇంకోచోట 5 ఇయర్స్, ఇంటిగ్రేటెడ్ మాస్టర్ ఆఫ్ సైన్స్ అని. ఫోనులో చూస్తే ఆ చివరి భాగం కింది గీతలోకి పోతుంది, కంటికి ఆనదు. కాలేజీ పేరు చూసి వరుసగా అన్నీ ఎక్కిస్తారు. ఎమ్మెస్సీ ముగింపు ర్యాంకు బీటెక్ కన్నా చాలా దిగువన ఉండేది కాబట్టి సీటు అక్కడ పడుతుంది.

ఆ తర్వాతది ఇంకా ఘోరం. జోసాలో సీటు వచ్చిన ఆప్షన్ కింద ఉన్నవన్నీ ఆ క్షణమే పోతాయి. వరంగల్ ఎమ్మెస్సీని 12వ చోట, ఇంకో నిట్ ఈసీఈని 13వ చోట పెడితే, 12లో సీటు పడగానే 13 ఇక మీది కాదు. తర్వాతి రౌండ్లలో ఇంకా మంచి సీటు కోసం ఫ్లోట్ పెట్టినా పైకే చూస్తుంది, కిందికి కాదు. స్లైడ్ పెడితే అదే కాలేజీలో పైనున్న ఆప్షన్లు మాత్రమే. కాబట్టి లాక్ చేసే ముందు జాబితా ప్రింటు తీసి, ప్రతి పక్కపక్క జంటనూ చూపించి "ఈ రెండూ ఇస్తే ఏది తీసుకుంటావు" అని పిల్లను గానీ పిల్లవాణ్ని గానీ అడగండి. ఎక్కడ జవాబు జాబితాకు ఎదురొస్తే అక్కడ మార్చండి. గంట పని.

ఎమ్మెస్సీలో చేరి తర్వాత బీటెక్‌కు మారతామన్న ఆశ ఉంటే, బ్రాంచి మార్పు నియమంలో ఆ వీలు స్పష్టంగా రాసి ఉందా చూడండి. రాసి లేకపోతే లేదనే అనుకోవాలి.

నిట్‌లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్ళవి. అయితే సొంత రాష్ట్రమంటే పుట్టిన ఊరు కాదు, ఆధార్ చిరునామా కాదు, ఇంటర్ పాసైన రాష్ట్రం. హనుమకొండలో పుట్టి పెరిగి, విజయవాడ కార్పొరేట్ కాలేజీలో ఇంటర్ చదివితే మీ సొంత రాష్ట్రం ఆంధ్రప్రదేశ్, మీ సొంత నిట్ తాడేపల్లిగూడెం. వరంగల్ నిట్‌కు ఇతర రాష్ట్రం ర్యాంకుతో పోటీ పడాలి. ఈ సంగతి పదో తరగతి సెలవుల్లోనే ఆలోచించాలి, తర్వాత చేసేదేమీ లేదు. జేఈఈ ర్యాంకుతో పాటు ఇంటర్లో 75 శాతం (ఎస్సీ, ఎస్టీలకు 65), లేదా బోర్డులో పై 20 పర్సంటైల్ ఉండాలన్న నియమమూ నిట్‌లకు ఉంది.

దగ్గర్లో డిగ్రీ చదివితే పోయేదేమిటి

చాలామందికి పోయేదేమీ లేదు. హనుమకొండ కాకతీయ ప్రభుత్వ కళాశాల, కరీంనగర్ ఎస్సారార్, నిజామాబాద్ గిరిరాజ్ లాంటి చోట డిగ్రీ ప్రవేశాల పోర్టల్ దోస్త్ ద్వారా బీఎస్సీలో చేరి, చివరి ఏట ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష జామ్ రాస్తే ఐఐటీల్లో ఎమ్మెస్సీకి వెళ్ళొచ్చు. జామ్ ఫిబ్రవరిలో జరుగుతుంది, ఏడు పేపర్లు: ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్, బయోటెక్నాలజీ, జియాలజీ, ఎకనామిక్స్. ఇంటర్లో జేఈఈ, నీట్ ఒత్తిడితో విసిగిపోయి, సైన్సు ఇష్టమో కాదో ఇంకా తెలియని పిల్లలకు ఈ దారే సరైనది. మూడేళ్ళకు పట్టా చేతిలో ఉంటుంది, అప్పుడు సబ్జెక్టు మార్చినా, బీఈడీకి వెళ్ళినా, గ్రూప్స్ రాసినా అడ్డులేదు. దీనికి ఉన్న లోటు ల్యాబు అనుభవం. ఆ లోటు వేసవిలో పరిశోధన సంస్థల సమ్మర్ ఫెలోషిప్‌లతో కొంత పూడ్చుకోవాలి, లేకపోతే జామ్ పాసైనా తోటివాళ్ళతో సమానంగా నిలబడటానికి ఒక సెమిస్టర్ పడుతుంది.

అదే, ఎనిమిదో తరగతి నుంచీ ఎందుకు, ఎలా అని వెంటబడే పిల్లలుంటారు. వాళ్ళకు ఐసర్, నైసర్ దొరికితే రెండో మాట వద్దు. అక్కడ కూడా ఏడు ఐసర్లలో ఏది అన్నప్పుడు మేజర్ చూడండి, దూరం కాదు. మన వైపు నుంచి వెళ్ళడానికి ఎలాగూ రైళ్ళున్నాయి. భోపాల్‌కు కాజీపేటలో ఎక్కితే దిగేది అక్కడే, తిరుపతి ఐసర్ ఏర్పేడులో, నైసర్ ఖుర్దా రోడ్ పక్కన జట్నీలో.

సీఎస్ఈ రాలేదని, చుట్టాల ముందు ఐఐటీ, నిట్ అనిపించుకోవడానికని ఐదేళ్ళ ఫిజిక్స్‌లో చేరడం మాత్రం మానుకోండి. రెండో ఏట క్వాంటమ్ మెకానిక్స్ వచ్చేసరికి ఆ పేరు సాయం చేయదు.

డబ్బు, కాగితాలు

కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ షీ స్కాలర్‌షిప్ ఏడాదికి 80,000: చేతికి 60,000, వేసవి పరిశోధనకు 20,000. ఇంటర్ బోర్డులో పై 1 శాతంలో ఉండి, నేచురల్, బేసిక్ సైన్సుల్లో చేరినవాళ్ళకు. బీటెక్‌కు, ఇంటిగ్రేటెడ్ ఎంటెక్‌కు రాదు. మన బోర్డులో మార్కులు గుట్టలుగా పడతాయి కాబట్టి కటాఫ్ చాలా పైన ఉంటుంది, దాన్ని నమ్ముకుని ఫీజు లెక్క వేయొద్దు. ఆ ఏటి నోటిఫికేషన్ చూసి, వస్తే తీసుకోండి. బ్యాంకు అప్పు కావాలంటే 2024 నవంబరులో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి చూడండి. జాబితాలోని సంస్థలకు పూచీకత్తు లేకుండా ఇస్తారు, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపుంటే 10 లక్షల దాకా అప్పు మీద 3 శాతం వడ్డీ రాయితీ ఉంది.

కుల ధ్రువీకరణ దగ్గర ఏటా కొందరు సీటు పోగొట్టుకుంటారు. ఈఏపీసెట్‌కు చెల్లిన బీసీ సర్టిఫికెట్ జోసాకు చెల్లదు. కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ కావాలి, అది కూడా ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చిందై ఉండాలి. ఈడబ్ల్యూఎస్‌కూ అదే తేదీ. రాష్ట్ర బీసీ జాబితాలో ఉండి కేంద్ర ఓబీసీ జాబితాలో లేని కులాలున్నాయి, మీది ఉందో లేదో ముందే చూసుకోండి. ఏప్రిల్ మొదటి వారంలోనే మీసేవలో దరఖాస్తు పెట్టి తహసీల్ ఆఫీసు చుట్టూ తిరగడం మొదలుపెడితే జూన్‌కు చేతికొస్తుంది. మే చివర్లో పెడితే కౌన్సెలింగ్ రోజున ఇంకా 'పెండింగ్' అనే చూపిస్తుంది.

ఐసర్, నైసర్, జోసా, సీయూఈటీ కౌన్సెలింగులు నాలుగూ వేర్వేరు, తేదీలు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఒక చోట కట్టిన సీటు డబ్బు ఎప్పటిలోగా వెనక్కు అడగాలో ప్రతి దానికీ ఒక గడువు ఉంటుంది. జోసాలో అయితే చివరి రౌండు కాకముందే విత్‌డ్రా చేసుకోవాలి. ఒక తెల్లకాగితం మీద నాలుగు గడులు గీసి, సీటు ఒప్పుకునే గడువు, డబ్బు కట్టే గడువు, విత్‌డ్రా గడువు రాసి గోడకు అంటించండి. టీసీ, మెమోలు ఒరిజినల్స్ ఒక చోట ఇచ్చేస్తే వెనక్కు తెచ్చుకోవడానికి రోజులు పడుతుంది కాబట్టి, ఎక్కడ చేరేదీ ఖాయమయ్యేదాకా స్కాన్ కాపీలతోనే నడిపించండి.